మూడో పళ్ళెం

ఉమ్మడి వంటిల్లు నంబరు 41, ఉప్పుగెడ్డ. రాస్తున్నది: నిర్వాహకురాలు గవిరమ్మ.

వంటింటి రోజు 6,571
పళ్ళేలు: 3. బియ్యం: 3 సోలలు. బుట్ట: సున్నా.
వివరం:
మధ్యాహ్నం భోంచేసి ముత్యాలు పడవెక్కేసింది. ఆరేళ్ళుగా ఇక్కడి పాత ఉప్పుమళ్ళలో మడచెట్లు నాటడం ఆమె ఉద్యోగం. నాటడానికి ఇక బురద మిగల్లేదు కనుక ప్రాంతీయ మండలి ఆమెను ఇంకో ఏటి మొగకు బదిలీ చేసింది. వెళ్తూ వెళ్తూ తన పళ్ళెం తనే తోమి బోర్లించింది. "ఏడవకప్పా, నువ్వేడిత్తే నానూ ఏడిసీగలను" అంది. నేను ఏడవలేదు. పడవ మలుపు తిరిగాక కూరగిన్నె తోముతూ ఏడ్చాను. గిన్నె మాత్రం తళతళలాడింది.

ఇక ఉప్పుగెడ్డలో ఇద్దరమే. నేను, సూరపునాయుడు మావ. మావకి డెబ్భై తొమ్మిది. ఉప్పుమళ్ళు నడిచిన రోజుల్లో ఆయన మేస్త్రీ. ఇప్పుడు సముద్రపు నీటిని మంచినీళ్ళు చేసే కర్మాగారంలో ఉప్పు ఊరికే మిగిలిపోతోంది, మిగిలేది వాడుకోకుండా మళ్ళీ సముద్రాన్ని ఎండబెట్టడం దుబారా అని మండలి అంది. కాదనడానికి ఏముంది? జనం పనులు వెతుక్కుంటూ ఒక్కొక్కరే కొత్తరేవు వెళ్ళిపోయారు. నేను ఈ పుస్తకం మొదలుపెట్టినరోజు నా చేతి వంట తిన్నవాళ్ళు నూట ఆరుగురు.

మూడు పళ్ళేల కంటే తగ్గితే వంటిల్లు మూసేస్తారు. ఇద్దరి కోసం ఒక పొయ్యి, ఒక గాదె, ఒక చలిపెట్టె, వారానికో పడవ. లెక్క నాకూ తెలుసు.

వంటింటి రోజు 6,572
పళ్ళేలు: 3. బియ్యం: 2 సోలలు. బుట్ట: సున్నా.
వివరం: ఏమీ లేదు.

వంటింటి రోజు 6,573
పళ్ళేలు: 3. బియ్యం: 2 సోలలు. బుట్ట: సున్నా.
వివరం:
ఏమీ లేదని నిన్న రాశాను. ఉంది. ఈ వివరం గడిలో ఏం రాసినా పద్దెనిమిదేళ్ళలో ఒక్కరు చదివిన దాఖలా లేదు కనుక రాసేస్తున్నాను.

గాదె ఎన్ని సోలల బియ్యం పోసిందో గాదే మండలికి చెప్పేస్తుంది. బుట్టలో ఎంత అన్నం పారేశామో బుట్టే తూచి చెప్పేస్తుంది. ఎంతమంది తిన్నారన్నది మాత్రం మనిషి రాయాలి. అన్నం ముందు కూర్చున్నవాణ్ణి యంత్రంతో లెక్కపెట్టడం మర్యాద కాదని మొదటి మండలి తీర్మానం చేసింది. వంటింటివాళ్ళ మాటే లెక్క. ఆ మాటలోనే నేను అబద్ధం పెట్టాను.

పోనీ అబద్ధమేదో పూర్తిగా ఆడానా? మూడు పళ్ళేలు రాసినదాన్ని మూడు సోలలు తీయొచ్చుగా? చెయ్యి రాలేదు. తినేవాళ్ళు లేని బియ్యం గాదెలోంచి తీయడమంటే నాకు వణుకు. తీస్తే బుట్టలో పడాలి, బుట్ట తూస్తుంది, ఇన్నాళ్ళ సున్నా పోతుంది. చిన్నప్పుడు మా అమ్మ ఫంక్షన్ హాలు వెనక అన్నం గుట్టలు పారబోసేది. ఆ వాసన ఇంకా నా ముక్కులో ఉంది. మండలి నియమాలు నాకెవరూ నేర్పనక్కర్లేదు.

మనుషులు మూడు, బియ్యం రెండు. దొంగతనం కూడా చేతకాదు నాకు.

వంటింటి రోజు 6,590
పళ్ళేలు: 3. బియ్యం: 2 సోలలు. బుట్ట: సున్నా.
వివరం:
మావ కాళ్ళు వాచాయి. అయినా పొద్దున్నే గట్టు మీదకెళ్ళి మొదటి వరస మడచెట్లు లెక్కపెట్టి వస్తాడు. బస్తాలు లెక్కపెట్టిన అలవాటు. "నాలుగొందల పన్నెండు" అన్నాడు. నిన్నా అంతే. రేపూ అంతే ఉంటాయి.

ముత్యాలు పళ్ళెం రోజూ బల్ల మీద పెడుతున్నాను. మావ ఏమీ అడగలేదు. గుర్తుకోసం పెడుతున్నాననుకున్నాడు కాబోలు.

మా ఉప్పుమళ్ళవాళ్ళలో ఒక పద్ధతి ఉంది. వండిన చెయ్యి తన పళ్ళెంలో తాను వడ్డించుకోకూడదు. ఇంకెవరో వడ్డించాలి. మళ్ళలో పనికెళ్ళే ఆడవాళ్ళు అందరికీ పెట్టి తాము అడుగంటినది తిని పడుకునేవారట, అది చూసి ఎవరో పెద్దమనిషి పెట్టిన కట్టుబాటు. నూట ఆరుగురున్నప్పుడు నాకు వడ్డించడానికి పోటీ పడేవాళ్ళు. ఇప్పుడు మావ ఒక్కడే. గరిటె వణుకుతుంది, సగం అన్నం బల్ల మీద పడుతుంది, ఏరి మళ్ళీ వేస్తాడు. "తినవే గవిరీ, ఉప్పు సాల్నేదు గానీ తిను" అంటాడు. నా వంటలో ఉప్పు చాలిందని ఒక్కరోజైనా అన్న పాపాన పోలేదు. ఇంకొకరి వంట మాత్రం ముట్టడు.

వంటింటి రోజు 6,662
పళ్ళేలు: 3. బియ్యం: 2 సోలలు. బుట్ట: సున్నా.
వివరం:
మండలి నుంచి సందేశం వచ్చింది. రెండువందల పన్నెండు వంటిళ్ళలో మాది మొదటిది! ముగ్గురు మనుషులు రెండు సోలలతో తృప్తిగా భోంచేసి, మెతుకు పారేయకుండా మూడు నెలలు నడిపారట. కింద కొలతల అధికారిణి కాత్యాయని సంతకం, అభినందనలు.

మావకి చదివి వినిపించాను. "మంచిదే. ఏటి పంపుతారట?" అన్నాడు. ఏమీ పంపరు మావా, మెచ్చుకున్నారంతే అన్నాను. "మెచ్చుకోలు నాలిక్కి తగలదు" అని గట్టు మీదకెళ్ళిపోయాడు.

ఈ రెండు సోలల లెక్క ఇంకెవరి పళ్ళెం మీద పడుతుందో అనుకున్నాను.

వంటింటి రోజు 6,681
పళ్ళేలు: 3. బియ్యం: 2 సోలలు. బుట్ట: సున్నా.
వివరం:
అనుకున్నంతా అయింది. "నలభై ఒకటి కొలత" అని పేరు పెట్టారు. మనిషికి సోల బియ్యం అక్కర్లేదని, మూడింట రెండొంతులు చాలని మా వంటిల్లు రుజువు చేసిందట. మొదట పది వంటిళ్ళలో నెల రోజులు పరీక్ష, తర్వాత మొత్తం ప్రాంతంలో అమలు. మిగిలే బియ్యానికి సరిపడా పొలాలు చిత్తడినేలలకు వదిలేస్తారట, పక్షులొస్తాయట. బొమ్మ కూడా వేశారు. కొంగలు చాలా బాగున్నాయి.

పది వంటిళ్ళ జాబితాలో కొత్తరేవు పదిహేడో నంబరు ఉంది. అక్కడ వండేది పోలమ్మ. బడి పక్కన వంటిల్లు, నూట పది పళ్ళేలు, సగం ఎదిగే పిల్లలు.

వంటింటి రోజు 6,688
పళ్ళేలు: 3. బియ్యం: 2 సోలలు. బుట్ట: సున్నా.
వివరం:
సాయంత్రం వంటిళ్ళ ఫోను లైనులో పోలమ్మ పిలిచింది. మేమిద్దరం ఎప్పుడూ చూసుకోలేదు. గొంతులే స్నేహం. పదేళ్ళుగా ఏ కూరగాయ వచ్చింది, ఏది పుచ్చింది చెప్పుకుంటాం.

"అప్పా, ఒక్క మాట అడుగుతాను, ఏటనుకోకు. మీ కాడ ముగ్గురికి రెండు సోలలు ఎలగ సరిపోతన్నాయి? నాకు ఎంత సూసినా సరిపోటం నేదు. పిల్లలు పళ్ళెం ఒగ్గకుండా గరిటె కేసే సూత్తారు. ఆల్లకి ఎట్టీసరికి గిన్నె అడుగంటుతంది. వారం రోజులై నాను గంజే తాగుతున్నాను. ఏటి కిటుకు? సెప్పప్పా."

నేను లేచి గిన్నె మూత సర్దాను. లైను పోయిందనుకుని "అప్పా, అప్పా" అంది.

"గంజి వంపకు పోలమ్మా. ఇగరబెట్టు. అన్నం పెరుగుతుంది" అన్నాను.

ఒక అబద్ధాన్ని నిలబెట్టడానికి ఏడు కావాలంటారు. ఇది రెండోది.

వంటింటి రోజు 6,690
పళ్ళేలు: 3. బియ్యం: 2 సోలలు. బుట్ట: సున్నా.
వివరం:
పోలమ్మ మళ్ళీ పిలిచింది. "నువ్వు సెప్పినట్టే ఇగరెట్టినాను అప్పా. అయినా సాల్నేదు. నా సేతిలోనే ఏదో లోపం ఉన్నాది. నీ సెయ్యి మంచిది" అంది.

నేను తిట్లు తినడానికి సిద్ధంగా కూర్చున్నాను. తిట్టి ఉంటే బతికిపోయేదాన్ని. తప్పు తనదేనంది.

వంటింటి రోజు 6,691
పళ్ళేలు: 3. బియ్యం: 2 సోలలు. బుట్ట: సున్నా.
వివరం:
కొలతల అధికారిణి కాత్యాయని గారికి. ఈ వంటింట్లో ముగ్గురు లేరు. నూట ఇరవై రోజులుగా ఇద్దరమే. రెండు సోలలు ఇద్దరికే. మీ కొలత తప్పు. ఆపండి. ఇట్లు, గవిరమ్మ.

వంటింటి రోజు 6,692
పళ్ళేలు: 3. బియ్యం: 2 సోలలు. బుట్ట: సున్నా.
వివరం:
జవాబు వచ్చింది. "మీ నమోదు అందింది. ధన్యవాదాలు. సున్నా వ్యర్థం: 1,204వ రోజు." కింద చప్పట్ల బొమ్మ.

ఇది చదివేవాళ్ళు లేరని ముందే తెలిసినా, ఎవరైనా చదువుతారేమోనని లోపల ఎక్కడో ఆశ ఉన్నట్టుంది. అంకె మారితే తప్ప అక్కడ ఎవరూ తల ఎత్తరు. అంకె మార్చడానికి నా చెయ్యి రావడంలేదు. ఒప్పుకోలు గడిలో రాసి, అబద్ధం అంకెలో ఉంచాను. ఎవర్ని మోసం చేయడానికి?

వంటింటి రోజు 6,693
వివరం:
అంకెలు ఇంకా వేయలేదు. ముందు ఇది రాస్తాను.

మధ్యాహ్నం మావకి చెప్పేశాను. ముత్యాలు పళ్ళెం సంగతి, రెండు సోలల సంగతి, పోలమ్మ గంజి తాగుతున్న సంగతి. ఆయన అన్నం కలుపుతున్నవాడు ఆగాడు.

"అబద్దం నాకోసం రాసినావా, నీకోసమా?"

నీకోసమే మావా, నువ్వీ గట్టు విడిచి ఉండలేవు కదా అందామనుకున్నాను. మాట నాలుక చివరిదాకా వచ్చింది. మూడో అబద్ధం అవుతుంది.

"నాకోసమే" అన్నాను. "కొత్తరేవులో నూట పది పళ్ళేల్లో నాది నూట పదకొండోది అవుతుంది. బరువు తూస్తారు, వడ్డిస్తారు, పొమ్మంటారు. తిన్నావా గవిరీ అని అడిగేవాళ్ళుండరు. నాకు భయమేసింది మావా."

మావ కలిపినదంతా తిని చెయ్యి కడుక్కున్నాడు. తర్వాత ముత్యాలు పళ్ళెం తీసి, తోమినదాన్నే మళ్ళీ తోమి, బోర్లించాడు.

"ఎవల్దో కడుపు కొట్టి మనకి వంటిల్లెందుకే" అన్నాడు. లేచి వెళ్ళిపోయాడు. రాత్రి నాకు వడ్డించాడు గానీ ఉప్పు సంగతి ఎత్తలేదు.

పళ్ళేలు: 2. బియ్యం: 2 సోలలు. బుట్ట: సున్నా.

వంటింటి రోజు 6,697
పళ్ళేలు: 3. బియ్యం: 3 సోలలు. బుట్ట: సున్నా.
వివరం:
అంకె మారేసరికి పడవ వచ్చింది. అందులో కాత్యాయని గారు. నలభై ఉంటాయి. అధికారులంటే ఎలాగో ఊహించుకుంటాం, ఈమె చెప్పులు చేత్తో పట్టుకుని బురదలో నడుచుకుంటూ వచ్చింది.

కేకలేస్తుందనుకున్నాను. బల్ల ముందు కూర్చుని, "గవిరమ్మ గారూ, పడవలో ఐదు గంటలు మీ వివరాలు చదువుతూ వచ్చాను. మొదటి రోజు నుంచీ" అంది.

"అన్నీనా?"

"వంకాయలు పుచ్చిపోయినప్పుడు మీరు మండలిని తిట్టిన తిట్లతో సహా. ముత్యాలు వెళ్ళిన రోజు దగ్గర ఆగాను. మర్నాడు 'ఏమీ లేదు' అని రాశారు. అప్పుడే ఎవరైనా చదివి ఉంటే తెలిసిపోయేది. మేం అంకెలు తప్ప ఏమీ చూడలేదండీ. పది ఊళ్ళలో అన్నం తగ్గించింది మీ ఒక్కరి అబద్ధమే కాదు, మా బద్ధకం కూడా."

పరీక్ష ఆగిపోయింది. ఈ రాత్రి నుంచి పది వంటిళ్ళకీ మళ్ళీ సోల కొలతే. అది విన్నాక వెళ్ళి గాదెలోంచి మూడో సోల తీశాను.

తర్వాత అసలు మాట. ఇద్దరున్న వంటిల్లు ఉండదు. ఆమె ఇబ్బంది పడుతూ, "మినహాయింపు కోసం రాసి చూస్తాను" అంది.

"వద్దమ్మా. ఈ పొయ్యి ఎక్కడికెళ్తుంది?"

"కొండ మీద కొత్తగా తొమ్మిదిమంది చేరిన గూడెం ఉంది. పొయ్యి కోసం ఏడాదిగా అడుగుతున్నారు."

బాగుంది, అక్కడికే పంపండి అన్నాను. నియమం మంచిదే. నాకే మంచిది కాదు.

మధ్యాహ్నం ముగ్గురం తిన్నాం. ముత్యాలు పళ్ళెంలో ఆమె తింది. పద్ధతి మావ చెప్పాడు కాబోలు, గరిటె తీసుకుని నాకు ఆమే వడ్డించింది. పైన రాసిన మూడు నిజం మూడు.

మావ కాళ్ళు చూసి కొత్తరేవు డాక్టరు దగ్గరకి రేపే తనతో తీసుకెళ్తానంది. నేను ఐదురోజులు ఆగాలి. పొయ్యి, గాదె, బుట్ట, గరిటెలు, చివరి మేకు దాకా అప్పగించి, విప్పేవాళ్ళ పడవలో వెళ్ళాలి.

వంటింటి రోజు 6,698
పళ్ళెం: 1. బియ్యం: (వివరం చూడండి). బుట్ట: సున్నా.
వివరం:
తెల్లవారకముందే మావ తయారై గట్టు మీద కూర్చున్నాడు. చెట్లు లెక్కపెట్టలేదు. పడవెక్కుతూ, "మూడో పళ్ళెం సూడు" అన్నాడు. వేళాకోళం అనుకున్నాను. పడవ వెళ్ళిపోయింది. ఈసారి గిన్నెలు తోమే ఓపిక కూడా లేదు. నలభై ఒకటో వంటింట్లో పద్దెనిమిదేళ్ళలో మొదటిసారి ఒక్కదాన్నే ఉన్నాను. నా అడుగుల చప్పుడు నాకే పెద్దగా వినిపిస్తోంది.

వంట మొదలుపెడదామని గాదె దగ్గరకెళ్ళి చూద్దును కదా, ఈ పొద్దున్న ఆరు సోలలు తీసినట్టు చూపిస్తోంది. మళ్ళీ తప్పు లెక్కా? ఈసారి నేను తియ్యలేదు. గిన్నెలు వెతికాను, చలిపెట్టె వెతికాను. అప్పుడు మావ మాట గుర్తొచ్చింది.

ముత్యాలు పళ్ళెం బోర్లించి ఉంది. ఎత్తితే కింద ఆరు చిన్న మూటలు. మావ పాత పంచె చింపి, బేరగాళ్ళకి చూపే ఉప్పు మచ్చు కట్టే ముడితో కట్టాడు. మూటకో సోల బియ్యం.

వండాక నా చెయ్యి వడ్డించుకోకూడదు. అందుకని వండకముందే వడ్డించి పోయాడు ముసలాడు. గిన్నె ఎత్తి మొత్తం పళ్ళెంలో బోర్లిస్తే చాలు, గరిటెతో పనిలేదు.

కూర్చుని బాగా ఏడ్చాను. తర్వాత మూట విప్పి ఎసట్లో పోశాను.

వంటింటి రోజు 6,699
పళ్ళెం: 1. గాదె నుంచి: సున్నా. మూట: 1. బుట్ట: సున్నా.
వివరం:
"తిన్నావా గవిరీ" అని పైకే అనుకుని తిన్నాను. వినేవాళ్ళు లేరు గనక సిగ్గు లేదు.

వంటింటి రోజు 6,701
పళ్ళెం: 1. మూట: 1. బుట్ట: సున్నా.
వివరం:
పోలమ్మ పిలిచింది. ఆమెకీ నిజం చెప్పాను. "నాను గంజి తాగినన్ని రోజులు నువ్వు నా పళ్ళాలు తోమాలి" అంది. తోముతానన్నాను. అప్పటికి గానీ ఆమె గొంతు ఎప్పటిలా కాలేదు.

"మీ మావ ఇక్కడికొచ్చినాడప్పా. కాళ్ళకి మందిచ్చినారు. అన్నం ఎడితే రెండు మెతుకులు నోట్లో ఏసుకుని, మిగతాది పక్కోడి పళ్ళెంలోకి తోసీసి కూకుంటన్నాడు. నీ మీద కోపమేటి అంటే మాటాడ్డు. ఎల్లుండి దాకా ఆగుతాడట."

వంటింటి రోజు 6,703
వివరం:
విప్పేవాళ్ళు వచ్చేశారు. పొయ్యి ఒక్కటీ చివర్లో విప్పమన్నాను.

ఒక మూట మిగిలింది. మావ లెక్క తప్పాడనే ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఐదు రోజులకి ఐదు మూటలు కట్టాలి, ముసలితనంలో ఆరు కట్టాడని. నలభై ఏళ్ళు బస్తాలు లెక్కపెట్టినవాడు, రోజూ నాలుగొందల పన్నెండు చెట్లు తప్పకుండా లెక్కపెట్టినవాడు, ఆరు దాకా లెక్క తప్పుతాడా? పోలమ్మ చెప్పిన మాట రాత్రంతా నాలో తిరిగితే గానీ నా మొద్దు బుర్రకి ఎక్కలేదు.

ఆరోది నాది కాదు.

నాకు నిన్నటి అన్నం చద్దిగా కాస్త ఉంది, అది తినేశాను. ఆరో మూట ఇప్పుడే వండాను. విప్పేవాళ్ళు ఒకవైపు గాదె మేకులు ఊడదీస్తుంటే మరోవైపు ఎసరు మరిగింది. ఉప్పు చేతికొచ్చినంత వేశాను, చాలలేదంటే అప్పుడు చూస్తాను ఆయన సంగతి. అన్నం క్యారియర్‌లో సర్ది, ముత్యాలు పళ్ళెం తుడిచి సంచిలో పెట్టుకున్నాను. కొత్తరేవు చేరేసరికి మధ్యాహ్నం అవుతుంది.

ఈ పళ్ళెం ఎక్కడ రాయాలో నియమం లేదు. ఇక్కడ వండినది గనక ఇక్కడే రాస్తున్నాను. కాత్యాయని గారూ, మీరు చదువుతారని తెలుసు.

పళ్ళేలు: 2. ఒకటి ఇక్కడ తిన్నాను. ఒకటి వడ్డించడానికి పట్టుకెళ్తున్నాను. బుట్ట: సున్నా.